ధువోడా దొరసాని – కుమారునికి వ్రాసిన చేతిపుస్తకం

మన క్రైస్తవ గృహాలలో ఒక మంచి అలవాటు ఉన్నది. ఇంట్లోని పెద్ద బైబులు గ్రంథంలో మొదటి తెల్లకాగితం మీద ఇంటి పెద్ద తన వివాహం జరిగిన తేదీ, బిడ్డలు పుట్టిన తేదీలు, వారు జ్ఞానస్నానం పొందిన తేదీలు, పెద్దలు ప్రభువునందు నిద్రించిన తేదీలు వరుసగా వ్రాసి ఉంచుతాడు. ఆ ఒక్క కాగితం చిరిగిపోయినచో, మూడు తరాల క్రిందటి ముత్తవ్వ పేరేమిటో చెప్పగలవారు ఆ ఇంట మిగలరు. ఆమెను అందరూ ‘అవ్వ’ అనే పిలిచారు గనుక ఆమెకొక పేరున్నదన్న సంగతే మరుపునకు వస్తుంది.

ఇట్టి కాగితం విలువ తెలిసిన ఒక తల్లిని గూర్చి ఈ వ్యాసంలో ముచ్చటించదలచాను. ఆమె పేరు ధువోడా. ఆమె మన దేశపు స్త్రీ కాదు. క్రీ.శ. 9వ శతాబ్దంలో, నేడు ఫ్రాన్సు అని పిలువబడుతున్న దేశపు దక్షిణ భాగంలో నివసించిన ఒక ప్రభువుగారి భార్య. యుద్ధాలు, రాజకీయాలు ఆమె కుటుంబాన్ని ముక్కలు చేశాయి. భర్త దూరాన, పెద్దకొడుకు పరాయి కొలువులో, చంటిబిడ్డ ఎక్కడో. అట్టి స్థితిలో ఆమె కలం పట్టి, పెద్దకొడుకు కొరకు ఒక గ్రంథం వ్రాసింది. ఆ కాలపు ఫ్రాంకుల రాజ్యంలో మఠంలో చేరని గృహస్థురాలు వ్రాసిన గ్రంథం మనకు దక్కినది ఇదొక్కటే.

మెట్టినిల్లు

ధువోడాకు 824వ సంవత్సరం జూన్ 29వ తేదీన ఆకెన్ నగరంలోని చక్రవర్తి కోటలో వివాహం జరిగింది. ఈ తేదీని ఆమె తన గ్రంథంలో స్వయంగా చెప్పుకున్నది. వరుడు బెర్నార్డు. ఇతని తండ్రి విలియం సామాన్యుడు కాదు. షార్లమేన్ చక్రవర్తికి దగ్గరి బంధువు, గొప్ప సేనాని. 801లో బార్సెలోనా నగరం అరబ్బుల చేతినుండి ఫ్రాంకుల వశమైనపుడు ఆ ముట్టడిలో పాల్గొన్నవాడు. అంతటి యోధుడు చివరకు ఖడ్గం ప్రక్కన పెట్టి, 804లో గెలోన్ అనే కొండలోయలో ఒక మఠం స్థాపించి, తానే అందులో సన్యాసిగా చేరి, అక్కడనే కన్నుమూశాడు. శ్రీసభ అతనిని పునీతునిగా గౌరవిస్తుంది. ఆ ఊరికి నేటికీ అతని పేరే నిలిచి ఉన్నది.

ఇంతటి ఇంట కోడలిగా అడుగుపెట్టిన ధువోడాకు 826 నవంబరు 29న మొదటి కుమారుడు పుట్టాడు. తాతగారి పేరే పెట్టి విలియం అన్నారు. బెర్నార్డు సోదరుడు థియొడోరిక్ ఆ బిడ్డకు జ్ఞానతండ్రి అయ్యాడు. అంతవరకు ఆ ఇల్లు నిండుగా ఉన్నది.

రాచకొలువు తెచ్చిన కీడు

షార్లమేన్ తరువాత అతని కుమారుడు లూయీ చక్రవర్తి అయ్యాడు. దైవభక్తి గలవాడు గనుక ‘భక్త లూయీ’ అని చరిత్రలో పేరు. అతనికి మొదటి భార్యవలన ముగ్గురు కుమారులు ఉన్నారు. రెండవ భార్య జూడిత్‌కు 823లో చార్లెస్ పుట్టాడు. రాజ్యాన్ని ముగ్గురికి పంచిన తండ్రి నాలుగవవానికి కూడా భాగం ఇవ్వబూనుటతో అన్నదమ్ముల తగాదా మొదలైనది. ఆస్తి పంపకాలలో అన్నదమ్ములు విడిపోవడం మనమెరిగినదే. అయితే అక్కడ పంచవలసినది నాలుగు ఎకరాల పొలం కాదు, ఐరోపా ఖండంలో సగం.

829లో లూయీ చక్రవర్తి బెర్నార్డును బార్సెలోనా నుండి పిలిపించి, తన అంతఃపుర వ్యవహారాలు చూచే ఉన్నతాధికారిగా నియమించాడు. బెర్నార్డు చక్రవర్తికి జ్ఞానపుత్రుడు. ఇది చూచి పెద్దకొడుకుల పక్షంవారు ఓర్వలేకపోయారు. మరుసటి సంవత్సరమే, 830లో, బెర్నార్డుకు, మహారాణి జూడిత్‌కు అక్రమ సంబంధం ఉన్నదని నింద వేశారు. బెర్నార్డు పారిపోయి ప్రాణం దక్కించుకున్నాడు. అతడు దొరకలేదు గనుక అతని సోదరుడు హెరిబెర్ట్‌ను పట్టుకుని కండ్లు తీయించారు. 831లో బెర్నార్డు సభలో ప్రమాణం చేసి తనమీది నిందను తొలగించుకున్నాడు గాని పోయిన కండ్లు తిరిగి రాలేదు.

కీడు అంతటితో ఆగలేదు. 834లో చక్రవర్తి పెద్దకుమారుడు లోథార్ షలోన్ పట్టణాన్ని దోచుకున్నప్పుడు బెర్నార్డు మరియొక సోదరుడు గాసెల్మ్ తల నరికించాడు. ఆ ఇంటి ఆడపడుచు గెర్బెర్గా సన్యాసినిగా జీవిస్తున్నది. ఆమెను మంత్రగత్తె అని నిందించి, పీపాలో బంధించి, సావోన్ నదిలో ముంచి చంపించారు. ఆమె చేసిన నేరం బెర్నార్డుకు తోబుట్టువు కావడమే.

ఈ సంవత్సరాలలో ధువోడాను భర్త దక్షిణాన ఊజెస్ పట్టణంలో ఉంచాడు. రోమీయులు ఈ పట్టణం చెంతనున్న ఊటల నుండి నీమ్ నగరానికి రాతి కాలువ కట్టి నీరు తీసుకుపోయారు. ఆ కాలువ వంతెనను చూచుటకు నేటికీ యాత్రికులు వెళతారు. సరిహద్దు ప్రాంతపు పనులు అక్కడనుండి చక్కబెట్టవలసిన భారం ధువోడా మీద పడినది. భర్త పరువు నిలబెట్టేందుకు ఆమె అప్పులు కూడా చేసింది.

ఇద్దరు బిడ్డలూ దూరమైన సంవత్సరం

840 జూన్‌లో భక్త లూయీ మరణించాడు. కుమారుల మధ్య యుద్ధం తప్పలేదు. 841 మార్చి 22న ఊజెస్‌లో ధువోడాకు రెండవ కుమారుడు పుట్టాడు. మొదటి కాన్పు జరిగిన 14 ఏళ్లకు కలిగిన బిడ్డ. మూడు నెలలు గడిచాయో లేదో, జూన్ 25న ఫోంతెన్వా అనే చోట అన్నదమ్ముల సైన్యాలు తలపడ్డాయి. ఒకవైపు లోథార్, రెండవవైపు అతని తమ్ములు లూయీ, చార్లెస్. బెర్నార్డు తన సేనతో దగ్గరలోనే ఉండి కూడా ఏ పక్షానా చేరక, గెలుపు ఎవరిదో చూచుకుంటూ కూర్చున్నాడు. చార్లెస్ పక్షం గెలువగానే తన పెద్దకొడుకు విలియంను అతని కొలువునకు పంపించాడు. పేరుకు అది కొలువు. నిజానికి తండ్రి విశ్వాసపాత్రుడై ఉంటాడనుటకు కొడుకును హామీగా పెట్టడమే. అప్పటికి విలియంకు ఇంకా 15 ఏళ్లు నిండలేదు.

అదే సంవత్సరం బెర్నార్డు చంటిబిడ్డను కూడా తన వద్దకు రప్పించుకున్నాడు. ఊజెస్ పీఠాధిపతి ఎలిఫాంటుస్, మరికొందరు కలిసి ఆ పసివానిని అక్విటానియా ప్రాంతానికి తీసుకుపోయారు. అప్పటికి బిడ్డకు జ్ఞానస్నానం కాలేదు, పేరు పెట్టలేదు. పేరు ఏమి పెట్టారో తల్లికి తెలియదు. పెద్దకొడుకుతో మాట్లాడుతూ ఆ బిడ్డను ఆమె ‘నీ చిన్న తమ్ముడు’ అని మాత్రమే చెప్పగలిగింది. కన్నబిడ్డ పేరు తెలియని తల్లి! ఈ ఒక్క సంగతి వద్ద చదువరి మనసు ఆగిపోతుంది.

చేతిపుస్తకం

841 నవంబరు 29న విలియంకు 15 ఏళ్లు నిండాయి. ఆ మరునాడు, నవంబరు 30న, అంద్రెయ అపోస్తలుని పండుగ నాడు, ధువోడా గ్రంథం ప్రారంభించింది. కొడుకు పుట్టినరోజు పండుగకు తల్లి దగ్గర లేదు. ఆ వెలితినుండే ఈ గ్రంథం పుట్టిందనుకోవడం తప్పు కాదు. 843 ఫిబ్రవరి 2న, కన్య మరియమ్మ శుద్ధీకరణ పండుగ నాడు ముగించింది. మధ్యలో ఆమె ఆరోగ్యం చెడినది. త్వరలోనే తాను పోతానన్న తలంపు ఆ పుటలలో మాటిమాటికి కనబడుతుంది.

గ్రంథానికి ఆమె పెట్టిన పేరునకు ‘చేతిలో ఉంచుకోదగిన పుస్తకం’ అని అర్థం. భాష లాటిను. ఆమె లాటినులో పండితులు ఎత్తిచూపే తప్పులు లేకపోలేదు. అయినను వేదగ్రంథం, ముఖ్యంగా కీర్తనలు, ఆమె నాలుక మీద ఆడుతున్నవి. పునీత అగస్టీను, పునీత గ్రెగోరి బోధలు ఆమెకు తెలుసు. తాను అల్పురాలనని, బల్లక్రింద చేరి యజమానుని రొట్టెముక్కల కొరకు ఏరుకునే చిన్న కుక్కపిల్ల వంటిదాననని వినయంగా చెప్పుకున్నది. ముందుమాటలోని పద్యంలో ఒక్కొక్క భాగపు మొదటి అక్షరాన్ని కూడితే తల్లి కొడుకుకు చెప్పే నమస్కారం వచ్చేటట్లు కూర్చింది.

స్త్రీలు అద్దంలో చూచుకుని ముఖం మీది మరకలు తుడుచుకుంటారు గదా, నీవు కూడా ఈ పుస్తకాన్ని తరచు చూచి నీ ఆత్మను దిద్దుకోమని ఆమె బోధ. అన్నిటికంటె ముందు దైవప్రేమ. తరువాత ప్రార్థన. లోపాలున్నా సరే గురువులను గౌరవించడం, పేదలకు పెట్టడం, కోపాన్ని అణచుకోవడం, మంచి గ్రంథాలను సంపాదించి చదవడం. తమ్ముడు పెరిగి పెద్దవాడైన పిమ్మట ఈ పుస్తకం వానికి కూడా చూపించమని కోరింది.

కొలువులో నలుగురితో కలిసి మెలగడాన్ని గూర్చి ఆమె చెప్పిన పోలిక చక్కనిది. దుప్పులు వెడల్పైన నదిని దాటేటప్పుడు ఒకదాని వెనుక ఒకటిగా నిలిచి, ముందున్నదాని వీపు మీద తమ తలను, కొమ్ములను ఆనించుకుని ఈదుతాయట. అన్నిటికంటె ముందున్నది అలసినచో వెనుకకు వచ్చి చేరుతుంది, మరొకటి ముందుకు పోతుంది. పెద్దలు చిన్నలను, చిన్నలు పెద్దలను ఆ విధంగా మోయాలని ఆమె భావం. తలకు తల బరువైపోయిన ఆ రోజులలో ఒక తల్లి ఈ మాట చెప్పింది.

తండ్రి ముందు, రాజు తరువాత

ఇక ఈ గ్రంథంలోని చిక్కు ప్రశ్నకు వద్దాం. కొడుకు ఉన్నది చార్లెస్ కొలువులో. అతనికి విశ్వాసంగా ఉండమని తల్లి స్పష్టంగానే బోధించింది. కాని దేవుని తరువాత మొదటి స్థానం ఎవరిదంటే, ఆమె రాజుకు ఇవ్వలేదు, తండ్రికి ఇచ్చింది. తండ్రివలననే లోకంలో నీకు స్థానం కలిగింది, తండ్రి దగ్గర ఉన్నా లేకున్నా ఆయనను ప్రేమించు, భయపడు, విధేయుడవై ఉండు అన్నది ఆమె ఉపదేశ సారాంశం. తండ్రిని ఎదిరించి చెడిన అబ్షాలోమును, ఏలీ కుమారులను హెచ్చరికగా చూపింది. షేము, ఇస్సాకు, యోసేపులను ఆదర్శంగా చూపింది.

ఎవరి తండ్రిని గూర్చి ఆమె ఈ మాటలు వ్రాసింది? తన వద్దనుండి ఇద్దరు బిడ్డలను తీసుకుపోయినవానిని గూర్చి. చంటివానిని పేరైనా పెట్టకముందే తల్లి ఒడినుండి వేరుచేసినవానిని గూర్చి. ఆమె వ్రాతలో అతని మీద ఒక్క నిష్ఠురమైన మాట లేదు. చక్రవర్తి కుమారులు తండ్రి మీద కత్తి ఎత్తినందువలన దేశమెట్లు నాశనమైనదో ఆమె కన్నులారా చూచింది. తన ఇంట అట్లు జరుగకూడదని కోరుకున్నది.

ఆ కోరిక ఎట్లు తీరినది? 844లో చార్లెస్ రాజు బెర్నార్డును రాజద్రోహిగా పట్టి శిరచ్ఛేదం చేయించాడు. విలియం ఆ తరువాత చార్లెస్‌కు శత్రువైన రెండవ పెపిన్ పక్షాన చేరాడు. 848లో బార్సెలోనాను వశపరచుకున్నాడు. 850లో అక్కడే పట్టుబడి చంపబడ్డాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు కూడా నిండినట్లు చెప్పలేము. తండ్రి కొరకు పగ సాధించబోయి కొడుకు చనిపోయాడని చదువరికి తోచక మానదు. పగను అణచుకొనమని, కోపాన్ని విడువమని కూడా అదే తల్లి అదే పుస్తకంలో చెప్పింది. తల్లి చెప్పిన పది మాటలలో బిడ్డలు తమకు నచ్చిన ఒక మాటను పట్టుకుని తక్కిన తొమ్మిదింటిని విడిచిపెట్టడం ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. అందువలన తల్లి మాట వ్యర్థమైనదనగలమా? ఈ వ్యాసకర్త అట్లు తలంచడు.

పేర్ల పట్టిక, అప్పుల పట్టిక

గ్రంథం చివరి భాగంలో ధువోడా రెండు భారాలను కొడుకు చేతిలో పెట్టింది.

మొదటిది మృతుల జ్ఞాపకం. ఎవరెవరి ఆత్మల కొరకు ప్రార్థించాలో వారి పేర్లు వ్రాసి ఇచ్చింది. విలియం, కునిగుండె, గెర్బెర్గా, విట్బుర్గా, థియొడోరిక్, గాసెల్మ్, గ్వార్నేరియుస్, రోత్లిండా. తాతగారు, ఆయన ఇద్దరు భార్యలు, పినతండ్రులు, మేనత్త. నరికివేయబడిన గాసెల్మ్ పేరు అందులో ఉన్నది. మంత్రగత్తె అని నదిలో ముంచివేయబడిన గెర్బెర్గా పేరు కూడా తక్కిన పేర్ల నడుమ, ఏ వివరణా లేకుండా, గౌరవంగా ఉన్నది. లోకం చెరిపివేయదలచిన ఆడపడుచు పేరును ఆ ఇంటి కోడలు ప్రార్థన పట్టికలో నిలబెట్టింది. జ్ఞానతండ్రి థియొడోరిక్ తన ఆస్తిని విలియంకు విడిచి పోయాడు గనుక ఆయన కొరకు తప్పక పూజలు చేయించమని ప్రత్యేకంగా కోరింది. ఇంకెవరైనా మరణించినచో వారి పేరు కూడా ఇందులో చేర్చుకొమ్మన్నది. ఇన్ని పేర్లలో ఆమె పుట్టినింటి వారిదని చెప్పదగినది ఒక్కటి కూడా లేదు. మెట్టినింటినే తన ఇల్లు చేసుకున్నది. చివరకు తన పేరును కూడా ఆ మృతుల వరుసలో చేర్చమని కొడుకును వేడుకుని, తన సమాధి మీద చెక్కవలసిన పద్యం తానే వ్రాసి ఇచ్చింది. ఆ పద్యంలోని మొదటి అక్షరాలను కూడితే ఆమె పేరు వస్తుంది.

రెండవది అప్పు. భర్త పనుల నిమిత్తం క్రైస్తవుల వద్ద, యూదుల వద్ద చాలా సొమ్ము తీసుకున్నానని, తీర్చగలిగినంత తీర్చానని, మిగిలినది తానుండగా తీర్చ ప్రయత్నిస్తానని చెప్పింది. తాను పోయిన తరువాత ఇంకా ఏమైనా మిగిలినచో, అప్పు ఇచ్చినవారు ఎవరో వెదకి కనుగొని, తన సొత్తులోనుండి, చాలనిచో నీ సొత్తులోనుండి చెల్లించమని కొడుకును ప్రాధేయపడింది. బాకీదారును వెదకే అప్పులవాళ్లను మనం చూచాము. అప్పు ఇచ్చినవాని కొరకు వెదకమని చెప్పిన తల్లిని ఇక్కడ చూస్తున్నాము. మృతుల కొరకు ప్రార్థన, బ్రతికినవారికి చెల్లింపు – ఈ రెండూ ఆమెకు ఒకే కర్తవ్యంలోని రెండు భాగాలు.

మిగిలినది

843 ఫిబ్రవరి తరువాత ధువోడా మాట మనకు వినబడదు. ఆమె గ్రంథం మాత్రం నిలిచింది. నీమ్ నగరంలో ఆనాటి వ్రాతప్రతి ముక్కలు కొన్ని, బార్సెలోనాలో 14వ శతాబ్దపు ప్రతి ఒకటి, పారిస్‌లో 17వ శతాబ్దపు ప్రతి ఒకటి దక్కాయి. ఆమె పెద్దకొడుకు చంపబడిన బార్సెలోనాలోనే ఆమె మాటలు భద్రంగా ఉండడం ఆలోచింపదగినది. ఫ్రెంచి చరిత్రకారుడు పియెర్ రిషె 1975లో ఈ గ్రంథాన్ని పరిష్కరించి ప్రకటించిన తరువాత లోకం దీనిని మరింత శ్రద్ధగా చదువసాగింది.

పేరు తెలియని ఆ చంటిబిడ్డ ఏమయ్యాడు? వానికి తండ్రి పేరే పెట్టి బెర్నార్డు అన్నారని, అతడే పెరిగి అక్విటానియాలో ప్రబలుడైన బెర్నార్డు ప్రభువని చరిత్రకారులలో ఎక్కువమంది భావిస్తారు. ఆ ప్రభువు కుమారునికి మరల విలియం అన్న పేరే పెట్టారు. ‘భక్త విలియం’ అని పేరుపొందిన ఈ మనుమడే 910లో క్లూనీ మఠాన్ని స్థాపించాడు. మృతుల ఆత్మల కొరకు ప్రార్థించుటలో క్లూనీ మఠం ప్రసిద్ధి గాంచినది. ఆ మఠాధిపతి పునీత ఓదిలో నవంబరు 2వ తేదీని సకల మృతుల జ్ఞాపక దినంగా తన మఠాలలో ఏర్పరచగా, అది క్రమంగా శ్రీసభ అంతటా వ్యాపించింది.

ఆ రోజున మనం కూడా మన ఊరి సమాధుల తోటకు వెళతాము. సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, గురువుగారు చదివే పేర్లలో మనవారి పేరు కొరకు చెవి ఒగ్గి నిలుచుంటాము. 1,180 ఏళ్ల క్రిందట ఊజెస్ పట్టణంలో రోగంతో ఉన్న ఒక తల్లి ఎనిమిది పేర్లు వ్రాసి, తొమ్మిదవదిగా నా పేరు చేర్చుకో నాయనా అని కొడుకును అడిగిన విషయం ఆ సమయంలో జ్ఞప్తికి తెచ్చుకొనదగును.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత బైబులులోని ఆ మొదటి కాగితం ఒకసారి తీసి చూడండి. అందులో మగవారి పేర్లు మాత్రమే ఉన్నచో, ఇంట్లోని ముసలివారిని అడిగి అవ్వల పేర్లు, మేనత్తల పేర్లు కూడా వ్రాయండి. ఏ నింద మోపబడి ఇంటివారు నోటితో పలుకని పేరు ఏదైనా ఉన్నచో దానిని కూడా వ్రాయండి. అడుగుటకు వారు బ్రతికి ఉన్నప్పుడే ఈ పని కావలెను.